చచ్చినవాళ్ళకి పని

మహేంద్రతనయ సన్నబడి ఇసక బయటపడే చైత్రంలో
నూటపన్నెండు మందికి ఒక యుద్ధం కుట్టాలి నేను.
కుట్టడమే. మాటవరసకి అనడం లేదు.
మా నాన్న పర్లాకిమిడిలో కొమ్ము చెక్కి
దువ్వెనలూ కొంగలూ చేసేవాడు.
నేను పాత పరుపుల దూది వెదురుకి చుట్టి
పైన బనీను గుడ్డ బిగించి కత్తులు చేస్తాను.
తగిలితే నవ్వు రావాలి, వాత తేలకూడదు.

పోయినేడు తప్పు చేశాను.
రెండు వరసలు ఎదురెదురు నిలబెట్టి
నాన్న చేసిన బూర ఊదాను. అంతే.
ఏడు నిమిషాల్లో అయిపోయింది.
పొడుగు చేతుల కాలేజీ కుర్రాళ్ళు
మధ్యలోంచి కోసుకుంటూ పోయారు.
వెనక వరసకి యుద్ధం
పక్కింట్లో పెళ్ళిలా వినబడిందంతే.
గుణుపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన
గొర్లె దమయంతి
మొదటి దెబ్బకే పడిపోయి
అట్ట కిరీటం ఒళ్ళో పెట్టుకుని
పొద్దు వాలేదాకా ఇసకలో కూర్చుంది.
"సచ్చిపోయేక ఏటి సెయ్యాలక్కా?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
బూర ఉంది.

ఆ తర్వాత వారం వారం సంతలో నిలబడి చూశాను.
అక్కడ జనం ఒక్కచోట కలబడరు.
ఉల్లిపాయల దగ్గరో గొడవ, చింతపండు దగ్గరో బేరం,
తెలుగులో తిట్టుకి ఒడియాలో జవాబు,
కొండ దిగివచ్చిన సవర ముసలమ్మ రెండిటికీ నవ్వి
పసుపు మళ్ళీ తూస్తుంది.
ప్రతివాడి చేతిలో పోగొట్టుకునేది ఏదో ఉంది.
ఒక్కడికీ ఆవలింత రాదు.

అందుకని ఈ ఏడు
ఏటికి అడ్డంగా మూడు చోట్ల రగిలించాను.
రేవులో ఏడు కుండలు తొణక్కుండా దాటించాలి,
కుండ పట్టినవాడికి కత్తి లేదు.
బండరాయి మీద జెండా,
దాన్ని పాకుతూ తప్ప చేరకూడదు,
పొడుగు చేతులు అక్కడ పనికిరావు.
గుమ్మడి పాదుల కంచె దగ్గర ఏమీ లేదు,
ఉందని ఇద్దరు రాజులకీ విడివిడిగా చెవిలో చెప్పాను.

ఇక చావు.
పడినవాడు జీడిమామిడి తోపుకి నడవాలి.
అక్కడ పేడాడ సింహాద్రి చోడి అంబలి పోస్తాడు.
గ్లాసుడు తాగి, ఎర్రదారం విప్పి, పచ్చదారం కట్టుకుని
అవతలి పక్షాన మళ్ళీ పుట్టాలి.
అన్యాయం, అన్నాడు టుకునా రౌతు.
మా తాత ఒక రాత్రి పడుకుని లేచేసరికి
ఊరు ఇంకో రాష్ట్రంలో ఉందిరా, అన్నాను.
ఆయన చెక్కే కొంగ మాత్రం
ఆ కొంగే.

బూర మూడుసార్లు మోగితే నిజం ప్రమాదం, కత్తులు దించాలి.
ఒక్కసారే ఊదాను.
గేదెలు ఇంటికి వెళ్ళే వేళయింది.
రెండు సైన్యాలూ పక్కకి జరిగి దారిచ్చాయి.
ఒకటి మాత్రం నా ముందు ఆగి
చేతిలో కొమ్ముకేసి చూసింది.
నేను బూర వెనక్కి దాచుకున్నాను, ఎందుకో.

దమయంతి నాలుగుసార్లు చచ్చింది.
అయిదోసారి బతికొచ్చేసరికి కుండ ఆమె నెత్తిమీద ఉంది,
పోయినేడు ఆమెని పడగొట్టిన పొడుగు కుర్రాడు
మోకాలి లోతు నీళ్ళలో వెనక్కి నడుస్తూ
ఆమెకి కాపలా కాస్తున్నాడు.
వాడు ఏ పక్షమో అప్పటికి వాడికే తెలీదు.
ఎవరు గెలిచారన్న దానిమీద
బస్టాండు దాకా అరుచుకున్నారు.

నాలుగు కత్తులు కనబడటం లేదు.
అంబలి మధ్యలోనే అయిపోయింది,
చివరి చావులు మంచినీళ్ళతో సరిపెట్టాం.
వచ్చే ఏటికి దూది ఇంకో పది కిలోలు కావాలి,
సింహాద్రికి ఇంకో డేగిసా.